ఇంటి కుక్కకు బీమా ఎంచుకోవడం, ఏటా రెన్యువల్ చేయించడం ఎలా?

అనంతపురంలో సాయంత్రం పూట కుక్కను తిప్పడానికి బయటికి వస్తే చాలు, వారానికి ఒక్కరైనా ఆపి అడుగుతున్నారు: "కుక్కకు కూడా బీమా చేయిస్తారటగా, నిజమేనా? ఏది తీసుకోవాలి?" కర్నూలు నుంచి, ప్రొద్దుటూరు నుంచి బంధువులు ఫోన్ చేసి అడిగేదీ ఇదే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇలా రాసిపెడుతున్నాను. నేను ఏజెంటును కాను. చుక్క అనే నల్ల లాబ్రడార్‌ను పెంచుకుంటున్నాను, అంతే. దానికి ఒకసారి క్లెయిమ్ డబ్బు వచ్చింది. ఇంకోసారి నా బద్ధకం వల్ల రాలేదు. ఆ సంగతి రెన్యువల్ దగ్గర చెబుతాను.

కుక్కల బీమా రెండు రకాలు. ఒకటి, కుక్క చనిపోతే దాని ధర చెల్లించేది. మన ఊళ్లలో గేదెలకు చేయించే బీమాకు ఇది తోబుట్టువు. ప్రభుత్వ రంగ బీమా సంస్థలు చాలా కాలంగా ఇస్తున్నాయి. రెండోది జబ్బు, ప్రమాదం, ఆపరేషన్ ఖర్చులు భరించేది. బజాజ్, హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో, డిజిట్ వంటి ప్రైవేటు కంపెనీలు తెచ్చినవి ఈ కోవలోవి. వీటిలో కొన్నింటికి మరణం, దొంగతనం, మన కుక్క ఇతరులను కరిస్తే చెల్లించాల్సిన నష్టపరిహారం వంటివి అదనంగా జోడించుకోవచ్చు. వీధిలో దొరికిన పిల్లను పెంచుకుంటున్నవారికి మొదటి రకంతో పెద్దగా పని లేదు, ఎందుకంటే దానికి మార్కెట్ ధర అంటూ ఉండదు. డబ్బు పెట్టి కొన్నవారికైనా అసలు ఖర్చు దాన్ని బతికించుకోవడంలోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ రాసేదంతా ప్రధానంగా చికిత్స పాలసీ గురించే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

టీకా కార్డు. పశువైద్యుడు రాసిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, అందులో వయసు, జాతి, ఆడా మగా, రంగు, గుర్తులు. కుక్క ఫొటోలు: ముఖం, రెండు పక్కలు, ఏవైనా మచ్చలు. మైక్రోచిప్ వేయించి ఉంటే దాని 15 అంకెల నంబరు. కొన్నప్పటి రసీదు, జాతిని ధ్రువీకరించే కెన్నెల్ క్లబ్ పత్రం, నగరపాలక సంస్థ లైసెన్సు ఉంటే అవి. మీ ఆధార్, బ్యాంకు వివరాలు. ఇవన్నీ ఒక ఫైలులో పెట్టి, ఫోనులో కూడా ఫొటోలు తీసుకుని ఉంచండి. అర్ధరాత్రి కుక్కను కారులో వేసుకుని పరుగెత్తేటప్పుడు బీరువా తాళం వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

పాలసీ తీసుకునే ముందు

1. టీకా కార్డును సరిచేయించుకోండి. క్లెయిములు ఎక్కువగా తెగిపోయేది ఇక్కడే. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్, రేబిస్ వంటివి టీకాతో ఆపగలిగిన జబ్బులు. టీకా సమయానికి వేయించలేదని తేలితే, వాటికి డబ్బు ఇవ్వకుండా తప్పుకునే నిబంధన దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి విడతలుగా వేయించే టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా బూస్టర్ అన్నీ కార్డులో ఉండాలి.

ఇందులో మన ఊళ్లలో జరిగే పొరపాటు ఒకటి ఉంది. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినోత్సవానికి, సెప్టెంబరు 28న రేబిస్ దినోత్సవానికి ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. తప్పకుండా వేయించండి. కానీ ఆ రద్దీలో కార్డు ముందుకు చాపడం మరచిపోతాం, లేదా ఇంట్లోనే వదిలేసి వెళ్తాం. సూది పడిందని మీకు తెలుసు, కుక్కకు తెలుసు, కంపెనీకి తెలియదు. తేదీ, టీకా సీసా మీది బ్యాచ్ స్టిక్కరు, డాక్టరు సంతకం, ముద్ర ఈ నాలుగూ పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి.

2. కుక్కను గుర్తించే ఆధారం ఏర్పరచుకోండి. గేదెల బీమాలో చెవికి ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదన్నది రైతులందరికీ తెలిసిన సూత్రం. కుక్కకు చెవి ట్యాగు వేయరు కాబట్టి ఆ పని మైక్రోచిప్ చేస్తుంది. బియ్యపు గింజంత ఉండే దాన్ని రెండు భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. కొన్ని కంపెనీలు చిప్ ఉంటే ప్రీమియంలో కొంత తగ్గింపు కూడా ఇస్తాయి. మీ ఊళ్లో చిప్ వేసే డాక్టరు లేకపోతే స్పష్టమైన ఫొటోలతో, డాక్టరు రాసిన గుర్తులతో సరిపెట్టుకోవచ్చు. మా చుక్క ఒళ్లంతా నలుపే. ఛాతీ మీద ఒక్క తెల్ల మచ్చ ఉంది, దాని పేరు వచ్చింది అందుకే. మొదటి దరఖాస్తులో ఏజెంటు 'నలుపు' అని రాసి వదిలేశాడు. ఊళ్లో నల్ల లాబ్రడార్లకు కొదవా? తెల్ల మచ్చ సంగతి రాయించడానికి మళ్లీ రెండుసార్లు తిరిగాను.

3. ఒకసారి రక్తపరీక్ష చేయించండి. ఇది ఎవరూ అడగరు, ఏ ఫారంలోనూ ఉండకపోవచ్చు. అయినా చేయించండి. మన ప్రాంతంలో పిడుదుల బెడద ఎక్కువ. గోడల పగుళ్లలో, కడప బండల సందుల్లో దాక్కుని, మందు కొట్టినా మళ్లీ బయటికి వస్తాయి. ఆ పిడుదుల వల్ల వచ్చే ఎర్లిచియా జ్వరం నెలల తరబడి పైకి కనిపించకుండా లోపలే ఉండగలదు. ఉన్నట్టుండి ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి రక్తం కారేదాకా మనకు తెలియదు. అప్పుడు క్లెయిమ్ వేస్తే "ఇది పాలసీకి ముందే ఉన్న జబ్బు" అనే జవాబు రావచ్చు. పాలసీ తీసుకునే వారంలో చేయించిన రక్తపరీక్ష మామూలుగా ఉందని ఫైలులో కాగితం ఉంటే ఆ మాట అనడం వాళ్లకు అంత తేలిక కాదు. ఒకవేళ జబ్బు బయటపడితే దాచకండి. ముందు వైద్యం చేయించండి, ఫారంలో రాయండి. దాచినది తర్వాత బయటపడితే ఆ ఒక్క జబ్బుకే కాదు, మొత్తం పాలసీకే ముప్పు.

4. వయసు హద్దు చూడండి. రెండు మూడు నెలల కంటే చిన్న పిల్లలను తీసుకోరు. పై హద్దు కంపెనీని బట్టి, జాతిని బట్టి మారుతుంది. పెద్ద జాతులకు హద్దు ముందే వస్తుంది. మీ గ్రేట్ డేన్‌కు అయిదేళ్లు నిండాయంటే ముందు ఈ గీత దాటగలదేమో కనుక్కుని, తర్వాతే మిగతా విషయాలు. కొత్తగా చేరడానికి ఉన్న వయసు హద్దు వేరు, రెన్యువల్ ఎంత వయసు దాకా చేస్తారన్నది వేరు. రెండూ అడగండి.

5. అయిదు ప్రశ్నలు రాతలో అడగండి. మొత్తం పద్ధతిలో నాకు బాగా అక్కరకు వచ్చింది ఇదే. బ్రోచరులో బొమ్మలు చూసి మురిసిపోకుండా, రాయలసీమలో కుక్కలను నిజంగా కబళించే అయిదు ఆపదలు తీసుకుని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి:

పిడుదుల జ్వరం వస్తే ఆసుపత్రిలో ఉంచకుండా రోజూ తీసుకెళ్లి సెలైన్ పెట్టిస్తే ఖర్చు ఇస్తారా? పాము కాటును ప్రమాదంగా లెక్కిస్తారా, జబ్బుగానా? మే నెలలో వడదెబ్బ తగిలితే వర్తిస్తుందా? కారో బైకో గుద్దితే, అప్పుడు కుక్క గొలుసు లేకుండా ఉంటే ఏమంటారు? ఎలుకల మందో పొలంలో కొట్టిన పురుగుల మందో తిని విషం ఎక్కితే, లేక ఎవరైనా కావాలని పెడితే?

మొదటి ప్రశ్న మీద ఎక్కువ పట్టు పట్టండి. చాలా పాలసీలు కుక్కను 24 గంటలైనా ఆసుపత్రిలో చేర్చుకుంటేనే చికిత్స ఖర్చు ఇస్తాయి. మన జిల్లాల్లో రాత్రిపూట కుక్కను ఉంచుకునే పశువైద్యశాలలు ఎన్ని ఉన్నాయి? పగలు సెలైన్ ఎక్కించి సాయంత్రం ఇంటికి పంపేస్తారు. ఆ నిబంధన ఉన్న పాలసీ బెంగళూరులో ఉన్నవారికి పనికొస్తుంది, తాడిపత్రిలో ఉన్నవారికి కాగితంగానే మిగులుతుంది. ఓపీ ఖర్చులు కలిపే అదనపు కవరు ఉంటే ప్రీమియం కాస్త పెరిగినా తీసుకోండి.

రెండో ప్రశ్న ఎందుకంటే, జబ్బులకు పాలసీ మొదలైన తర్వాత కొన్ని రోజులు వేచి ఉండే గడువు ఉంటుంది, ఆ లోపు వచ్చిన జబ్బుకు డబ్బు రాదు. ప్రమాదాలకు అది ఉండదు, లేదా తక్కువగా ఉంటుంది. వేరుశనగ చేల దగ్గర, తోటల్లో ఉండేవారికి రక్తపింజరి, నాగుపాము ఊహాజనితమైన ప్రమాదాలు కావు కదా.

ఏజెంటు ఫోనులో "అన్నీ వస్తాయి సార్" అంటే వినండి, నవ్వండి, ఈమెయిల్ జవాబు కోసం ఆగండి.

6. చేతికి ఎంత వస్తుందో లెక్క వేయండి. పాలసీ మీద రాసిన పెద్ద అంకెను పక్కన పెట్టండి. ఒక్కో జబ్బుకు పరిమితి ఎంత, మొదట మీరు భరించాల్సిన డిడక్టబుల్ ఎంత, మిగిలిన బిల్లులో మీ వాటాగా పోయే కో-పే శాతం ఎంత అని చూడండి. ఉదాహరణకు బిల్లు 20,000 రూపాయలు, డిడక్టబుల్ 1,000, కో-పే 10 శాతం అనుకుందాం. 20,000లో 1,000 తీసేస్తే 19,000, అందులో పదో వంతు 1,900 మీ వాటా. చేతికి 17,100. అదే పాలసీలో ఒక్కో జబ్బుకు 10,000 మించదని ఉంటే ఈ లెక్కంతా వృథా, వచ్చేది ఆ పదివేలే. ప్రీమియం చెప్పేటప్పుడు జీఎస్టీ కలిపే చెప్పారా అని కూడా అడగండి.

7. మినహాయింపుల పేజీ చదవండి. పుట్టుకతో వచ్చే లోపాలు, కాన్పు, పళ్ల శుభ్రం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సాధారణంగా ఉండవు. ఆడకుక్క ఉన్నవారు గర్భసంచిలో చీము పట్టే జబ్బు గురించి విడిగా అడగండి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీద పడ్డాక ఇది తరచుగా వస్తుంది. తోట కాపలాకో, పిల్లలు వేయించి అమ్మడానికో పెంచే కుక్క అయితే దాన్ని పెంపుడు కుక్కగా ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి. నాటు కుక్క అయితే నాటు కుక్క అనే రాయండి. జర్మన్ షెపర్డ్ పోలిక ఉందని అలా రాయిస్తే ఆ ముచ్చట క్లెయిమ్ నాడు తీరుతుంది.

కరిస్తే వచ్చే నష్టపరిహారం కవరు గురించి ఒక మాట. అది ఎదుటివారి వైద్యం, పరిహారం వరకే. కుక్క విషయంలో నిర్లక్ష్యంగా ఉన్నందుకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానాను ఏ బీమా కట్టదు.

8. డబ్బు కంపెనీ ఖాతాకే కట్టండి. ప్రీమియం అందేదాకా కంపెనీ మీద పూచీ ఉండదని 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది. ఏజెంటు సొంత ఫోను నంబరుకు పంపి, అతను రెండు రోజుల తర్వాత కడితే ఆ రెండు రోజులూ మీ కుక్కకు బీమా లేనట్టే.

పాలసీ కాగితం వచ్చాక సరిచూసుకోవడం

వచ్చిన రోజే కూర్చోండి. మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? కుక్క పుట్టిన తేదీ టీకా కార్డుతో సరిపోయిందా? చిప్ నంబరులో 15 అంకెలూ ఒక్కొక్కటిగా పోల్చండి. ఆడా మగా తప్పు పడడం మామూలే, నవ్వి వదిలేయకండి. ఫోను నంబరు మీదేనా, ఏజెంటుదా? రెన్యువల్ సందేశాలు ఎవరికి వెళ్తాయన్నది దీనిమీదే ఆధారపడి ఉంటుంది. తప్పు ఉంటే ఆ వారంలోనే ఈమెయిల్ పెట్టి సవరణ పత్రం తెప్పించుకోండి. పెన్నుతో దిద్దిన దిద్దుబాటు చెల్లదు.

రెన్యువల్

ఇప్పుడు నా కథ. మూడో ఏడాది చుక్క పాలసీ గడువు ఏప్రిల్‌లో ముగిసింది. కంపెనీ సందేశాలు నేను ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు పోయాయి. నాకు గుర్తొచ్చేసరికి తొమ్మిది రోజులు దాటింది. "ఏముందిలే" అని మళ్లీ కట్టాను, పాలసీ వచ్చింది. సరిగ్గా పన్నెండో రోజున జ్వరం, అన్నం ముట్టలేదు, చిగుళ్లు పాలిపోయాయి. పిడుదుల జ్వరమే. కంపెనీ జవాబు రెండే వాక్యాలు: ఇది కొత్త పాలసీ, జబ్బులకు వేచి ఉండే గడువు ఇంకా ముగియలేదు. మూడేళ్లు కట్టిన ప్రీమియాన్ని తొమ్మిది రోజుల ఖాళీ మింగేసింది. చుక్క కోలుకుంది. నా పర్సు కోలుకోవడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. అందుకే కింది వరస ఇప్పుడు మా ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంటుంది.

1. గడువుకు 45 రోజుల ముందు: టీకా బూస్టర్లు ఏవైనా మిగిలాయా చూడండి. ఉంటే ఇప్పుడే వేయించి కార్డు నింపించండి. టీకా తేదీ, పాలసీ తేదీ దగ్గర దగ్గరగా పడేలా ఒకసారి సర్దుకుంటే ఏటా రెండూ ఒకేసారి గుర్తుంటాయి.

2. 30 రోజుల ముందు: రెన్యువల్ నోటీసు తెప్పించుకోండి. పాత పాలసీతో పక్కపక్కన పెట్టి చదవండి. కుక్క వయసుతో ప్రీమియం పెరగడం సహజం. కొత్త పరిమితి, కొత్త మినహాయింపు ఏమైనా దూరిందేమో చూడాలి. నిరుటి జబ్బు పేరు మినహాయింపుల్లో కనిపిస్తే ఎందుకని రాతలో అడగండి. బీమా మొత్తం పెంచుకోవాలనుకుంటే, పెంచిన మేరకు వేచి ఉండే గడువు మళ్లీ మొదలవుతుందా అని కనుక్కోండి.

3. కంపెనీ మారాలనుకుంటే తొందరపడకండి. మనుషుల ఆరోగ్య బీమాలో పాత ఏళ్ల లెక్కను కొత్త కంపెనీకి మోసుకుపోవచ్చు. కుక్కల పాలసీలో ఆ సౌకర్యం ఉంటుందని అనుకోకండి. వంద రూపాయలు తగ్గుతాయని మారితే, అప్పటిదాకా వచ్చిన జబ్బులన్నీ కొత్తవాళ్లకు ముందే ఉన్న జబ్బులవుతాయి. ఆరోగ్యంగా ఉన్న రెండేళ్ల కుక్కకు మారడం పెద్ద నష్టం కాదు. ఏడేళ్ల కుక్కకు నేనైతే మారను.

4. వారం ముందు: డబ్బు కట్టండి. ఆఖరి రోజు రాత్రి సర్వరు పనిచేయకపోతే సాకు వినేవారు ఉండరు. బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే కట్టే ఏర్పాటు ఉంటే ఆ రోజు ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి.

5. సరిచూసుకోండి: కొత్త కాగితంలో పాత పాలసీ నంబరు 'గత పాలసీ' అని ఉండాలి. పాతది ఏ అర్ధరాత్రితో ముగిసిందో కొత్తది అక్కడి నుంచే మొదలవ్వాలి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ కనిపించినా ఊరుకోవద్దు.

క్లెయిమ్ వేయాల్సి వస్తే

ముందు కుక్కను డాక్టరు దగ్గరికి చేర్చండి, దారిలో కంపెనీకి ఫోన్ చేయండి. చాలా పాలసీలు 24 నుంచి 48 గంటల్లో తెలియజేయమంటాయి. వాళ్లు ఇచ్చే క్లెయిమ్ నంబరు రాసుకోండి. మన ప్రాంతంలో ఆసుపత్రి నేరుగా కంపెనీకి బిల్లు పంపే ఏర్పాటు ఉంటుందని ఆశించకండి. ముందు మీరు కట్టి, తర్వాత రాబట్టుకోవాల్సిందే. మందుల చీటీ మీద పశువైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఊళ్లో గోపాలమిత్రో, పశుసంవర్ధక సహాయకుడో మంచి మనసుతో సూది వేసి ఉండవచ్చు, కానీ ఆ చీటీతో క్లెయిమ్ రాదు. పెద్ద చికిత్సకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకో, తిరుపతికో, బెంగళూరు హెబ్బాళకో తీసుకెళ్తే పంపిన డాక్టరు రెఫరల్ కాగితం అడిగి తీసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి మందులు బయట కొంటే ఓపీ చీటీ, మందుల బిల్లు రెండూ జతచేయాలి.

కుక్క చనిపోతే, ఈ మాట రాయడం కష్టమే, పూడ్చడానికి తొందరపడకండి. దుఃఖంలో సాయంత్రానికే తోటలో పూడ్చేసి, మరుసటి రోజు కంపెనీ పోస్టుమార్టం నివేదిక అడిగితే నోరు పెగలని వారిని చూశాను. మన ఎండలకు ఎక్కువ గంటలు ఉంచడం కూడా కుదరదు. వెంటనే కంపెనీకి చెప్పి, గుర్తులు కనిపించేలా ఫొటోలు తీసి, ప్రభుత్వ పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించండి. కుక్క తప్పిపోయినా, ఎవరో ఎత్తుకుపోయినా, విషం పెట్టినా పోలీసు ఫిర్యాదు ప్రతి లేకుండా క్లెయిమ్ కదలదు.

తిరస్కరిస్తే ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతలో అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి నెల రోజులు చూడండి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కానీ 155255 నంబరుకు కానీ ఫిర్యాదు చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు బీమా వివాదాలు తీర్చే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఆ ఫిర్యాదుకు జతచేసే మొదటి కాగితం మీ అయిదు ప్రశ్నలకు వచ్చిన ఈమెయిల్ జవాబు కావాలి.

వయసు దాటిన కుక్కలకు

"మాదానికి పదేళ్లు, ఎవరూ తీసుకోవడం లేదు" అని అడిగేవారికి నేను చెప్పేది పోస్టాఫీసు. నెలకు 500 చొప్పున విడిగా వేస్తూ పోతే ఏడాదికి 6,000 చేరుతుంది. రికరింగ్ డిపాజిట్ అయిదేళ్లది కాబట్టి ముసలి కుక్కకు అది నప్పదు, మామూలు సేవింగ్స్ ఖాతా చాలు. ఆ పాస్‌బుక్కు కూడా టీకా కార్డు ఉన్న ఫైలులోనే పెట్టండి, ఇంట్లో వాళ్లు వేరే ఖర్చుకు తీయకుండా ఉంటారు.